యూత్ మీటింగులో సినిమా చూపిస్తే తప్పా? చూపిస్తే ఎలా చూపించాలి?

ప్రశ్న: కాజీపేట చెల్లి

అందరికీ వందనాలు. మాది కాజీపేట. హన్మకొండలో ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మా సంఘంలో యవనస్థుల కూడిక చూసుకునే బాధ్యత పోయిన ఏడాది నుంచి నా మీద ఉంది. శనివారం సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడతాం. ఇంటర్, డిగ్రీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు బీటెక్ వాళ్లు, అందరూ కలిపి ఇరవై మందికి లోపే. పాటలు ప్రాణం పెట్టి పాడతారు. వాక్యం మొదలయ్యేసరికి తలలు కిందికి వాలిపోతాయి. బైబిల్ చూస్తున్నారేమో అనుకుంటాను, దగ్గరికి వెళ్తే ఫోను.

లెంట్ రోజుల్లో, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో, ఒక శనివారం ప్రసంగం పక్కన పెట్టి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, తెలిసినవాళ్ల ప్రొజెక్టర్ అడిగి తెచ్చి, 1959 నాటి బెన్‌హర్ సినిమాలో ఒక్క దృశ్యం చూపించాను. సినిమా మొత్తం మూడున్నర గంటలు. నేను చూపించింది నాలుగైదు నిమిషాలు కూడా ఉండదు. చేయని నేరానికి యూదా బెన్‌హర్‌ను గొలుసులతో కట్టి, ఓడల్లో తెడ్లు వేసే శిక్షకు ఎడారిలో నడిపించుకుంటూ పోతుంటారు. నజరేతులో బావి దగ్గర ఆగుతారు. అందరికీ నీళ్లు దొరుకుతాయి. అతనికి మాత్రం ఇవ్వొద్దని రోమా అధికారి అంటాడు. అతను నేల మీద పడిపోయి దేవుణ్ని పిలుస్తాడు. అప్పుడు ఒక చెయ్యి వచ్చి తల మీద నీళ్లు పోస్తుంది, తాగిస్తుంది. అధికారి అరుస్తూ వస్తాడు. నీళ్లిచ్చినాయన లేచి నిలబడతాడు. మనకు వీపు, జుట్టు మాత్రమే కనిపిస్తాయి. ఆ అధికారి ఆయన ముఖంలోకి చూసి, ఏమీ అనలేక వెనక్కి తిరుగుతాడు.

అక్కడ ఆపాను. ఏడాదిగా వస్తున్నా ఒక్కసారి కూడా నోరు తెరవని ఇంటర్ సెకండియర్ అబ్బాయి అడిగాడు, "అక్కా, ప్రభువు ముఖం ఎందుకు చూపిస్తలేరు?" నేను జవాబు వెతుక్కుంటుంటే పక్కనున్న అమ్మాయి అంది, "ఆ సైనికుడి ముఖంల కనిపిస్తలేదా?" నాకు ఒళ్లు జలదరించింది. మత్తయి 25వ అధ్యాయం తీశాం. "దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి" దగ్గర నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. పిల్లలే మాట్లాడారు. ఒక్క ఫోను కూడా బయటికి రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచారు. "బిడ్డా, దేవుని మందిరంల తెర కట్టుడు మంచిగ లేదు. ఇయ్యాల గిది, రేపు ఇంకోటి" అన్నారు. ఆయన మాట తీసేయలేను. మా నాన్న హాస్పిటల్లో ఉన్నప్పుడు పదకొండు రాత్రులు మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసిన మనిషి. ఆ రోజు నుంచి నాకు ఒకటే టెన్షన్. పిల్లలేమో మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారు.

ఇక్కడ పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు కదా. ఇది తప్పా? తప్పు కాకపోతే ఏ సినిమాలు, ఎంతవరకు, ఎలా చూపించాలి? యేసు ప్రభువు జీవితం మీద తీసినవే చూపించాలా, మామూలు సినిమాల్లో కూడా వాక్యం కనిపించేవి తీసుకోవచ్చా?

జవాబు: హసన్‌పర్తి సోదరుడు

చెల్లీ, ప్రైజ్ ద లార్డ్. నీ భారం మంచిది. ఆ పిల్లల కోసం ఇంత తపన పడుతున్నందుకు దేవునికి స్తోత్రం. కానీ మీ పెద్దాయన చెప్పింది నేనూ ఒప్పుకుంటాను, ఎందుకో చెప్తాను.

"వినుటవలన విశ్వాసము కలుగును" అన్నాడు పౌలు. చూచుటవలన అనలేదు. ఇది మాటల పట్టింపు అనుకోవద్దు. నా చిన్నప్పుడు మా ఇంట్లో కరుణామయుడు క్యాసెట్ ఉండేది, యేసు ప్రభువు జీవితం మీద తీసిన సినిమా. ప్రతి గుడ్ ఫ్రైడేకి పెట్టేవాళ్లు. ఇప్పుడు నాకు నలభై ఒకటి. ఈ రోజుకీ మోకరించి కళ్లు మూసుకుంటే నా ముందుకు వచ్చేది అందులో ప్రభువుగా వేసిన విజయచందర్ గారి ముఖం. ఆయన మంచి నటుడు, భక్తితో చేశారు, ఆయన తప్పేం లేదు. కానీ నా ప్రభువు ముఖం మీద ఇంకొక మనిషి ముఖం అతుక్కుపోయింది. దాన్ని తీసేయడానికి ఎన్నేళ్లు ప్రార్థన చేశానో నాకు తెలుసు. నీ దగ్గరున్న పదహారేళ్ల పిల్లలకు ఆ కష్టం తెచ్చిపెట్టకమ్మా.

జవాబు: పరకాల టీచరమ్మ

బిడ్డా, నీ ప్రశ్న రాత్రి చదివాను. నిద్ర పట్టలేదు. పొద్దున్నే రాస్తున్నాను, కొంచెం పొడుగైతే ఓపిక పట్టు. ముప్పై నాలుగేళ్లు సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సండే స్కూలు మాత్రం ఇంకా నడుపుతున్నాను.

ముందు నా సంగతి. కరుణామయుడు 1978లో వచ్చింది, భీంసింగ్ గారు తీశారు. మా ఊరికి అది ఒకట్రెండేళ్ల తర్వాత వచ్చింది, థియేటర్‌కు కాదు, జీపులో. మిషన్ వాళ్లు ప్రొజెక్టరు, జనరేటరు వేసుకుని వచ్చారు. నేను అప్పుడు ఏడో తరగతి. చింతచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య తెర కట్టారు. ముందు వైపు ఊరివాళ్లు కూర్చున్నారు. మా వాడవాళ్లం తెర వెనక కూర్చున్నాం. ఎవరూ పొమ్మనలేదు, మేమే పోయి కూర్చున్నాం, అప్పటి అలవాటు అది. వెనక నుంచి బొమ్మ కనిపిస్తుంది కానీ తిరగబడి కనిపిస్తుంది. పేర్లు పడితే అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉన్నాయి. నేను చూసిన క్రీస్తు ఎడమ చేత్తో ఆశీర్వదించాడు.

అప్పట్లో రీలు అయిపోతే సినిమా ఆగేది. ఒక రీలు విప్పి ఇంకోటి ఎక్కించేదాకా చీకటి. జనరేటర్ చప్పుడు, చంటిపిల్లల ఏడుపు, బీడీల వెలుగు. సిలువ మోయించుకుంటూ తీసుకుపోతున్నప్పుడు అట్లా ఒకసారి ఆగింది. ఆ చీకట్లో మా నాయనమ్మ అంది: "గంత మందిల ఒక్కలన్న ఆయన దిక్కు మాట్లాడలే." కొంచెంసేపు ఊరుకుని మళ్లీ అంది: "మనం ఉంటే మాట్లాడేటోళ్లమానే?"

ఆమెకు చదువు రాదు. వేలిముద్ర. సినిమా అయ్యాక ఎవరో ప్రసంగం చేశారు, అందులో ఒక్క ముక్క నాకు గుర్తు లేదు. మా నాయనమ్మ అడిగిన ఆ మాట మాత్రం నలభై ఏళ్లకు పైగా నా వెంటే ఉంది. బడిలో ఒక పిల్లవాణ్ని అందరూ కలిసి ఏడిపిస్తుంటే స్టాఫ్ రూములో కూర్చుని విన్న రోజు, లేచి పోవాలా వద్దా అని నేను ఆలోచిస్తున్నప్పుడు, ఆ చీకటే గుర్తుకొచ్చింది. లేచి పోయాను.

అందుకే నీకు చెప్పే మొదటి మాట: రీలు మార్చే చీకటి నువ్వు కావాలని తెచ్చుకో. ఇప్పటి సినిమా ఆగదు కాబట్టి నువ్వే ఆపాలి. నువ్వు ఆ బావి దగ్గర ఆపావు చూడు, అదే సరైన పని. సినిమా మొత్తం వేసి, చివర ప్రార్థన చేసి ఇంటికి పంపితే అది సినిమా చూడడమే అవుతుంది. ఆపిన చోట పిల్లలు మాట్లాడుకుంటేనే అది కూడిక.

హసన్‌పర్తి తమ్ముడు వినుట గురించి చెప్పింది వాక్యమే, కాదనను. కానీ దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త ఎట్లా పోయాడో చూడండి. ఇంకొకడి భార్య బత్షెబ విషయంలో దావీదు చేసిన పాపం నాతానుకు తెలుసు. పోయి ధర్మశాస్త్రం చదవలేదు. ఒక పేదవాడు, అతనికి ఒకే ఒక్క గొర్రెపిల్ల, అది అతని గిన్నెలో తాగుతుంది, అతని కౌగిట్లో పడుకుంటుంది, దాన్ని ఒక ధనవంతుడు లాక్కుని కోయించాడు అని కథ చెప్పాడు. ఆ కథలో దేవుని పేరు లేదు. దావీదు అది నిజం సంగతే అనుకుని కోపంతో మండిపడి, ఆ పని చేసినవాడు చావాలని తీర్పు చెప్పేశాడు. అప్పుడు నాతాను అన్నాడు, "ఆ మనుష్యుడవు నీవే." రెండవ సమూయేలు 12. నేరుగా అడిగితే దావీదు తలుపు వేసుకునేవాడు. కథ వచ్చేసరికి తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాడు.

నీ రెండో ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది బిడ్డా. సినిమాలో యేసు పేరు ఉందా లేదా అని చూడకు. ఈ దృశ్యం చూసి మా పిల్లలు ఎవరి మీదో తీర్పు చెప్పి, తర్వాత అది తమకే తగులుతుందని తెలుసుకుంటారా అని చూడు.

ఒక సంగతి చెప్తాను, దీన్ని ఇంతవరకు ఎక్కడా రాయలేదు. బెన్‌హర్‌లో తల్లికి, చెల్లెలికి కుష్ఠు వస్తుంది. లోయలో గుహల మధ్య దాక్కొని బతుకుతుంటారు. వాళ్ల ఇంటి సేవకుడి కూతురు ఎస్తేరు వాళ్లకు తిండి తెచ్చి పెడుతుంది. మేం బతికి ఉన్నామని యూదాకు చెప్పొద్దు, చచ్చిపోయామని చెప్పు అని ఆమెను బతిమాలుకుంటారు. నేను ఆ సినిమా టీవీలో చూశాను, పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక. ఆ చోట లేచి వంటింట్లోకి పోయాను. మా మేనత్తకు ఆ జబ్బు ఉండేది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఉండి మందు తీసుకుని, నయమై వచ్చింది. నయమైందని కాగితం కూడా ఉంది. అయినా మా ఇంట్లో ఆమె సత్తు కంచం గూట్లో వేరుగా ఉండేది. అది కడగాల్సింది ఆమే. ఎనిమిదేళ్ల పిల్లగా నేను ఒకసారి ఆ కంచంలో అన్నం తింటే మా అమ్మ కొట్టింది. ఆమె చూస్తుండగానే కొట్టింది.

మేం విశ్వాసులమే. ప్రతి ఆదివారం మందిరానికి పోయేవాళ్లమే. "అపవిత్రుడను అపవిత్రుడను" అని అరుస్తూ పోవాలని లేవీయకాండంలో చదివినప్పుడు అది ఎప్పటిదో యూదుల సంగతి అనుకునేదాన్ని. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠురోగిని ముట్టుకున్నాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మా గూట్లో కంచం గుర్తుకు రాలేదు. సినిమా చూస్తేనే గుర్తొచ్చింది.

కాబట్టి నువ్వు ఆ దృశ్యం చూపిస్తే డిచ్‌పల్లి గురించి కూడా చెప్పు. అది మన దగ్గరి చరిత్ర. 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టారు. నిజామాబాద్ రాజా నర్సాగౌడ్ గారు దానికి సాయం చేశారు. ఆయన హిందువు, వాళ్లు మెథడిస్టు మిషనరీలు. చాల్‌మోగ్రా నూనె సూదులు వేసేవారు, అప్పటికి ఉన్న వైద్యం అదే. గుహల్లో దాక్కునే మనుషులు సినిమాలోనే కాదు, మన జిల్లాల్లో ఊరి పొలిమేరల్లో ఉండేవాళ్లని, వాళ్లను ముట్టుకోవడానికి ఒకామె సముద్రం దాటి వచ్చిందని పిల్లలకు తెలియాలి.

ఇంకో దృశ్యం. విక్టర్ హ్యూగో నవల లే మిజరబుల్స్‌లో బిషప్పు, వెండి దీపస్తంభాలు. ఆ కథ 1950లోనే చిత్తూరు నాగయ్య గారితో బీదలపాట్లుగా తెలుగులో వచ్చింది. అదే పేరుతో 2012లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా నీకు తేలిగ్గా దొరుకుతుంది. జైలు నుంచి వచ్చినవాడికి బిషప్పు అన్నం పెట్టి పడక ఇస్తాడు. అతను రాత్రి వెండి సామాన్లు ఎత్తుకుని పారిపోతాడు. పోలీసులు పట్టుకొస్తారు. సరిగ్గా బిషప్పు నోరు తెరవబోయే ముందు ఆపు. ఆయన ఏమంటాడో చెప్పమని పిల్లల్ని అడుగు. జవాబు నువ్వు చెప్పకు.

టెన్ కమాండ్‌మెంట్స్ లాంటివి కూడా పనికొస్తాయి, కానీ వేరే రకంగా. నిర్గమకాండం రెండో అధ్యాయంలో మోషే పసిబిడ్డగా ఉన్న వాక్యం పక్కనే పెద్దవాడైన వాక్యం ఉంటుంది. 1956 నాటి ఆ సినిమా ఆ ఖాళీలో రాజకుమారి ప్రేమకథ పెట్టి గంటకు పైగా నడిపింది. ఏది గ్రంథంలో ఉంది, ఏది కల్పన అని పిల్లల చేత వెతికిస్తే, వాళ్లు ఎప్పుడూ తెరవని అధ్యాయాలు తెరుస్తారు.

తమ్ముడు చెప్పిన ముఖం సంగతి మాత్రం పెద్ద మాట. దాన్ని తేలిగ్గా తీసుకోకు. నువ్వు ముఖం చూపించని సినిమాతో మొదలుపెట్టావు, తెలిసి చేశావో తెలియక చేశావో కానీ మంచి పని చేశావు. దాంట్లోనే కొన్నాళ్లు ఉండు.

జవాబు: ఫాతిమానగర్ విచారణ (పారిష్) యువకుడు

చెల్లెమ్మా, మేం కథోలికులం. మీ పక్కనే ఫాతిమానగర్‌లో ఉంటాం. మా దగ్గర స్వరూపాలు, అంటే ప్రతిమలు ఉంటాయి కాబట్టి ముఖం గురించి మాకు అంత ఇబ్బంది లేదు. వేరే విషయంలో మేం పొరపాటు చేశాం, అది చెప్తాను.

తపస్సు కాలంలో (మీరు లెంట్ అనేదే) పాషన్ ఆఫ్ ద క్రైస్ట్ చూపించాం, మెల్ గిబ్సన్ 2004లో తీసింది. అరామిక్, లాటిన్ మాటల్లో ఉంటుంది. పెద్దవాళ్ల కోసమే అనుకున్నాం, కానీ తలుపు దగ్గర ఎవరూ నిలబడలేదు. అమ్మల పక్కన కూర్చుని ఆరేడేళ్ల పిల్లలు చూశారు. కొరడా దెబ్బల దృశ్యం మొదలయ్యాక ఒక పాప వాంతి చేసుకుంది. ఇంకో బాబు తర్వాత చాలా రోజులు గుడికి రానని ఏడ్చాడట. యోహాను సువార్తలో ఆ సంగతి ఒకే ఒక్క వాక్యం, పిలాతు ఆయనను కొరడాలతో కొట్టించాడని. సువార్తికుడు అంత తక్కువ మాటల్లో ఎందుకు చెప్పాడో ఆ రోజు నాకు అర్థమైంది. దయచేసి వయసు చూసుకోండి.

పెద్ద పిల్లలకైతే ఆ సినిమాలో చూపించదగ్గది ఒకటుంది. ప్రభువు సిలువతో కింద పడతాడు. మరియ తల్లికి ఆయన చిన్నప్పుడు తూలి పడిన రోజు గుర్తొచ్చి, అప్పుడు పరుగెత్తినట్టే ఇప్పుడూ పరుగెత్తుతుంది. అది సువార్తల్లో లేదు. వెరోనికమ్మ గుడ్డతో ముఖం తుడవడం కూడా లేదు. అది సిలువ మార్గం అనే మా ప్రార్థనలో ఆరవ స్థలం. దర్శకుడు చాలా వివరాలు జర్మనీ సన్యాసిని కేథరిన్ ఎమ్మెరిక్ దర్శనాల పుస్తకం నుంచి తీసుకున్నాడు. ఏది సువార్త, ఏది సంప్రదాయం, ఏది దర్శకుడి ఊహ అని ముందే చెప్పి చూపిస్తే బాగుంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ సినిమా చూసి మా వాళ్లలో ఒకడు యూదుల మీద చెడుగా మాట్లాడాడు. ఫాదర్ వెంటనే లేచి, ప్రభువు శ్రమలకు ఆనాటి యూదులందరినీ గానీ, ఇప్పటి యూదులను గానీ నిందించకూడదని 1965లోనే రెండో వాటికన్ మహాసభ చెప్పిందని వివరించారు. ఆయనను కొట్టింది ఎవరని అడిగితే నా పేరే చెప్తాను అన్నారు ఫాదర్. టీచరమ్మ గారు రాసిన నాయనమ్మ మాట చదివితే నాకు అదే గుర్తొచ్చింది.

జవాబు: ములుగు ఆస్పిరెంట్

అక్కా, నేను నక్కలగుట్టలో హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నా జవాబు చిన్నదే. చారియట్స్ ఆఫ్ ఫైర్ చూపించండి, 1981లో వచ్చింది. ఎరిక్ లిడెల్ కథ. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు హీట్స్ (తొలి రౌండ్లు) ఆదివారం పడితే, అది ప్రభువు దినమని పరుగెత్తనన్నాడు. నాలుగు వందల మీటర్లలో పరుగెత్తి 47.6 సెకండ్లలో బంగారు పతకం తెచ్చాడు. సినిమాలో ఓడ ఎక్కేటప్పుడు ఆ సంగతి తెలిసినట్టు చూపిస్తారు, నిజానికి నెలల ముందే తెలుసు. ఆ ఆదివారం అందరూ పరుగెత్తుతుంటే ఆయన చర్చిలో నిలబడి యెషయా 40 చదువుతాడు. "అలయక పరుగెత్తుదురు సొమ్మసిల్లక నడిచిపోవుదురు."

మా పరీక్షలు ఎక్కువగా ఆదివారమే ఉంటాయి అక్కా. నేను రాస్తాను. ఉదయం ఆరు గంటల ఆరాధనకు పోయి అక్కడి నుంచి సెంటర్‌కు పోతాను. లిడెల్ లాగా మానేయలేదని చాలా రోజులు లోపల పొడిచినట్టు ఉండేది. సినిమా అయ్యాక ఆయన మిగతా జీవితం చదివాను. పతకం వచ్చిన మరుసటి ఏడాదే చైనాకు మిషనరీగా పోయాడు. 1945లో జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆయన దేవునికి ఇచ్చింది ఒక్క ఆదివారం కాదు. అది చదివాక నన్ను నేను కొట్టుకోవడం మానేశాను. మీ దగ్గర డిగ్రీ పిల్లలు ఉన్నారు కదా, వాళ్లకు ఈ బాధ ఉంటుంది, అడిగి చూడండి.

జవాబు: హసన్‌పర్తి సోదరుడు

టీచరమ్మ గారూ, మీరు మీ మేనత్త గారి గురించి రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. నా భార్య ఏడ్చింది. నాతాను సంగతి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను, ఈ కోణంలో చూడలేదు. వందనాలమ్మా.

క్రీస్తు పాత్ర వేసి చూపించే సినిమాల విషయంలో నా మాట మీదే ఉంటాను. అది నా మనస్సాక్షి. మామూలు కథల విషయంలో మాత్రం చెల్లిని ఆపను. ఒకే ఒక్క మనవి. తెర కట్టే ముందు ఆ వాక్యం చదివించు, తర్వాత కాదు. ముందు బొమ్మ చూసి తర్వాత వాక్యం చదివితే, వాక్యంలో కూడా బొమ్మే కనిపిస్తుంది. ముందు వింటే పిల్లలు సొంతంగా ఒక బొమ్మ కట్టుకుంటారు, దాన్ని సినిమాతో పోల్చుకుంటారు.

జవాబు: కాజీపేట చెల్లి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ వందనాలు. టీచర్ గారూ, మీ జవాబు ప్రింటు తీసి మా పెద్దాయనకు ఇచ్చాను. ఆయన రెండు రోజులు ఉంచుకుని, "తెర లోపల వద్దు బిడ్డా, సండే స్కూలు షెడ్డుల కట్టుకో. నేను గూడ వస్త" అన్నారు. నాకు అది చాలు. రేకుల షెడ్డు కాబట్టి ఉక్క ఎక్కువ, రెండు టేబుల్ ఫ్యాన్లు తెచ్చుకున్నాం.

హసన్‌పర్తి అన్న చెప్పినట్టు ముందు వాక్యం చదివాం. మత్తయి 5, నీ అంగీ తీసుకోవాలని చూసేవానికి పైవస్త్రం కూడా ఇచ్చెయ్యమన్న చోట. పిల్లలు మొక్కుబడిగా చదివారు, ఎప్పటిలాగే. తర్వాత బిషప్పు దృశ్యం వేశాను. పోలీసులు అతన్ని పట్టుకొచ్చి నిలబెట్టిన చోట ఆపాను. బిషప్పు ఏమంటాడని అడిగాను.

ఒకడు "క్షమిస్తాడు, సామాన్లు తీసుకుంటాడు" అన్నాడు. బీటెక్ అమ్మాయి "పోలీసులకు అప్పజెప్పి జైల్లో పోయి కలుస్తాడు, అదే కరెక్టు" అంది. దాని మీద పెద్ద వాదన. అప్పుడు కిరాణా షాపు వాళ్ల అబ్బాయి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, నవ్వకుండా చెప్పాడు. వాళ్ల షాపులో పనిచేసే పిల్లగాడు గల్లాపెట్టెలో మూడు వందలు తీస్తే వాళ్ల నాన్న అందరి ముందు చొక్కా విప్పించి వెతికాడట. "నేనే ఎతికిన అక్కా, నాన్న నన్నే ఎతకమన్నడు. దొరికినయి. వాడు మళ్ల రాలే. వాడు నా కన్న చిన్నోడు." ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాన్ల చప్పుడే.

మళ్లీ వేశాను. ఇవి నేను ఇచ్చినవే అని బిషప్పు పోలీసులతో అంటాడు. దీపస్తంభాలు మర్చిపోయావు అని అతని చేతిలో పెడతాడు. ఆ వెండి అతని చేతిలో బరువుగా ఆగే చోట మళ్లీ ఆపేశాను. ఇంక ముందుకు వేయలేదు, అవసరం రాలేదు.

వెనక కుర్చీలో కూర్చున్న మా పెద్దాయన లేచి నిలబడ్డారు. ప్రార్థన చేస్తారేమో అనుకున్నాం. ఆయన రైల్వేలో పనికి చేరిన కొత్తలో చేసిన ఒక తప్పు చెప్పారు. దాన్ని ఫోర్‌మన్ ఒకాయన తన మీద వేసుకున్నాడట. ఆ తప్పు ఏమిటో ఇక్కడ రాయను, అది ఆయన చెప్పుకోవాల్సింది. మా నాన్నకు కూడా తెలియదట. ఆ ఫోర్‌మన్ పోయిన రోజు నైట్ డ్యూటీ ఉండి సమాధి దగ్గరికి పోలేకపోయానని చెప్తూ ఆయన గొంతు ఆగిపోయింది. తర్వాత కిరాణా అబ్బాయిని దగ్గరికి పిలిచి, ఆ పిల్లగాడు ఇప్పుడు ఎక్కడ ఉంటాడని అడిగారు. వాడు మడికొండ దిక్కు అన్నాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం పోదాం అన్నారు.

టీచర్ గారూ, వచ్చే నెల తప్పిపోయిన కుమారుని కథ తీసుకుందామనుకుంటున్నాను, లూకా 15. చిన్నవాడి గురించి కాదు, పొలం నుంచి వచ్చి, తిరిగొచ్చిన తమ్ముడికి విందు చేశారని అలిగి బయటే నిలబడిపోయిన పెద్దవాడి గురించి. మా పిల్లలంతా పుట్టినప్పటి నుంచి మందిరంలో పెరిగినవాళ్లే కదా, వాళ్లకు తగిలేది వాడే అనిపిస్తోంది. దానికి ఏ సినిమాలో ఏ దృశ్యం సరిపోతుందో నాకు దొరకడం లేదు. మీరు ఒక శనివారం రాగలరా అమ్మా? పరకాల నుంచి హన్మకొండ బస్సెక్కండి, బస్టాండు దగ్గరికి నేను బండి మీద వస్తాను. రాత్రికి మా ఇంట్లోనే ఉండవచ్చు. మా అమ్మ మీ జవాబు చదివిన రోజు నుంచి మీకు అన్నం పెట్టాలని అంటోంది. మా ఇంట్లో కంచాలన్నీ ఒక్కలాంటివే అని చెప్పమంది.